మీ సంస్థ బలాలు, బలహీనతలు తేల్చుకోవడం ఎలా? కాగితం ఆధారంగా, దశలవారీగా

బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు లిమిట్ పెంచమని అడగబోయేవాళ్లు, రెండో యూనిట్ పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు, తండ్రి చేతి నుంచి వ్యాపారం అందుకున్న పిల్లలు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: మా కంపెనీ బలం ఎక్కడుంది, లోపం ఎక్కడుంది అన్నది ఎలా తేల్చుకోవాలి? చాలాచోట్ల ఒక శనివారం సాయంత్రం నలుగురు కూర్చుంటారు. బోర్డు మీద గడులు గీసి ఒకవైపు "అనుభవం, నమ్మకం, క్వాలిటీ" అనీ, ఇంకోవైపు "లేబర్ సమస్య, పోటీ" అనీ రాసి లేస్తారు. ఆ బోర్డును పక్క షెడ్డులో తగిలించినా సరిపోతుంది. అందుకే దాన్ని చూసి ఎవరూ ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేరు.

కింద చెప్పిన పద్ధతికి ఒకటే నియమం: వెనక కాగితం లేని మాట పట్టికలోకి ఎక్కదు. ఉదాహరణలన్నీ హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు కనిపించే, 35 మంది దాకా పనిచేసే మెషినింగ్ (లోహాన్ని కోసి పార్టులు చేసే) యూనిట్‌ను ఊహించుకుని ఇచ్చినవి. షాపు, ఆసుపత్రి, సాఫ్ట్‌వేర్ కంపెనీ వంటివాటికి ఏం మార్చుకోవాలో చివర్లో ఉంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలోంచి గత 24 నెలల అమ్మకాల రిజిస్టర్, పార్టీల (కొనే సంస్థల) వారీగా
- రావాల్సిన బాకీల జాబితా, బిల్లు తేదీ వారీగా: 0–30, 31–60, 61–90, 90 రోజులు దాటినవి
- జీఎస్టీ రిటర్నులు (జీఎస్‌టీఆర్-1, జీఎస్‌టీఆర్-3బీ), బ్యాంకు స్టేట్‌మెంట్లు. మూడింటికీ ఒకే 24 నెలలు
- పర్చేజ్ ఆర్డర్లు, డెలివరీ చలానాలు
- రిజెక్షన్ (పనికిరాకుండా పోయిన పీసులు), రీవర్క్ (మళ్లీ చేసిన పని) రిజిస్టర్. అది లేకపోతే స్క్రాప్ అమ్మిన బిల్లులు
- హాజరు పట్టిక, పీఎఫ్ నెలవారీ ఈసీఆర్ ఫైళ్లు (ఎవరెవరికి పీఎఫ్ కట్టారో చూపే లెక్క), కాంట్రాక్టర్ బిల్లులు
- మెషీన్ల జాబితా, వాటి రిపేరు ఖర్చులు
- ఒక మనిషి సమయం: రోజుకు రెండు మూడు గంటల చొప్పున మూడు వారాలు

ఆ మనిషి ఓనర్ కాకూడదు. అకౌంట్స్ చూసేవారో, క్వాలిటీ చూసేవారో, ఇంట్లో చదువుకున్న పిల్లలో చేయవచ్చు. అయితే ఏ ఫైలు అడిగినా ఇవ్వాలని ఓనర్ అందరి ముందూ చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే మూడో రోజుకే పని ఆగిపోతుంది.

1. దేనికోసం చూస్తున్నారో ఒక వాక్యంలో రాయండి

"మా బలాలేంటి" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. "వచ్చే 12 నెలల్లో కొత్తగా సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్ కొని రెండు పెద్ద కంపెనీలకు సప్లై చేయగలమా?" అన్నదానికి ఉంటుంది. ఒకే విషయం ప్రశ్నను బట్టి పక్క మారుతుంది. రాత్రి షిఫ్టులో మెషీన్లు ఖాళీగా ఉండటం కొత్త ఆర్డర్లు తీసుకోవాలనుకునేవారికి బలం. కొత్త మెషీన్ కొనడానికి అప్పు అడిగేవారికి అదే బలహీనత. ఉన్నదాన్నే పూర్తిగా వాడని యూనిట్‌కు ఇంకో మెషీన్ ఎందుకని బ్యాంకు మేనేజర్ అడిగితే ఏం చెబుతారు?

2. లోపలి విషయాన్నీ బయటి విషయాన్నీ విడదీయండి

పరీక్ష చాలా తేలిక. మన గేటు లోపల తీసుకునే నిర్ణయంతో 12 నెలల్లో మారేదైతే అది లోపలి విషయం. కాకపోతే బయటిది, దాన్ని వేరే కాగితం మీద రాసుకోండి. ఏరియాలో అద్దెలు పెరగడం బయటి విషయం. 11 నెలల అగ్రిమెంట్ మీదే ఏళ్ల తరబడి షెడ్డు నడపడం లోపలి బలహీనత. వానాకాలంలో వీధిలో నీళ్లు నిలవడం బయటిది. బార్లు, ప్లేట్లు స్టాండు లేకుండా నేల మీదే పెట్టడం లోపలిది. "లేబర్ దొరకట్లేదు" అన్న మాటను కూడా ఇలాగే విడదీయాలి. ఊరంతా దొరకకపోతే బయటిది. మన దగ్గరికి వచ్చినవాళ్లే నిలవకపోతే మనదే.

3. అంకెలు తీయండి

ఎక్కువ సమయం పట్టేదీ ఎక్కువ తప్పులు దొర్లేదీ ఇక్కడే. ఆరు అంకెలు చాలు, కానీ ఆరూ సరిగ్గా రావాలి.

*బాకీ రోజులు.* రావాల్సిన బాకీని ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణించాలి. బాకీలో జీఎస్టీ కలిసి ఉంటుంది, లాభనష్టాల ఖాతాలోని అమ్మకాల్లో ఉండదు. అది తీయకుండా లెక్కేస్తే రోజులు ఎక్కువగా కనిపిస్తాయి. అమ్మకాలు 4.20 కోట్లు, బాకీ 1.18 కోట్లు అనుకోండి. 18 శాతం జీఎస్టీ తీసేస్తే అసలు బాకీ కోటి రూపాయలు, అంటే 87 రోజులు. తీయకపోతే 103 రోజులు వస్తుంది. పార్టీల నుంచి తీసుకున్న అడ్వాన్సులను బాకీలోంచి తగ్గించి చూడకండి, అవి వేరే పార్టీలవి. మార్చి 31 నాటి ఒక్క అంకెతో సరిపెట్టుకోవద్దు. సంవత్సరాంతంలో వసూళ్ల మీద ఒత్తిడి పెడతారు కాబట్టి ఆ రోజు బాకీ తక్కువగా కనిపిస్తుంది. 12 నెలాఖరుల సగటు తీయండి.

బాకీ రోజులు ఎక్కువగా వస్తే ఇంకో విషయం చూడండి. మీది ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ లేదా చిన్న తరహా యూనిట్ అయితే, ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి) చట్టం 2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న తరహా పరిమితి పెట్టుబడిలో 25 కోట్లు, టర్నోవర్‌లో 100 కోట్లు. మధ్య తరహాకు ఈ రక్షణ లేదు. ఉద్యం నంబరు మీ ఇన్వాయిస్ మీద, కొటేషన్ మీద అచ్చయి ఉందా? లేకపోతే అది పైసా ఖర్చు లేకుండా ఈ వారంలోనే సరిదిద్దుకోగల బలహీనత.

*పెద్ద పార్టీల వాటా.* మొదటి పార్టీకీ, మొదటి ముగ్గురికీ ఎంత శాతం అమ్ముతున్నారు? ఒకే గ్రూపు రెండు పేర్లతో, రెండు జీఎస్టీ నంబర్లతో కొంటుంటే కలిపి లెక్కించండి. విడివిడిగా చూసి ఇద్దరు పెద్ద కస్టమర్లు ఉన్నారని అనుకోవడం ఇక్కడి మామూలు పొరపాటు.

*పార్టీ వారీ మిగులు.* బిల్లు రేటులోంచి మెటీరియల్, మెషీన్ గంటలు, రవాణా, రీవర్క్ తీసేయండి. చివర్లో అరువు ఖరీదు కూడా తీయండి. దీన్ని దాదాపు ఎవరూ తీయరు. 12 శాతం వడ్డీకి సీసీ వాడుతూ 90 రోజుల అరువిస్తే సుమారు 3 శాతం అక్కడే పోతుంది. 8 శాతం మిగులుతోందనుకున్న పార్టీ దగ్గర మిగిలేది 5. ఈ పట్టిక వేసినప్పుడు అతి పెద్ద కస్టమర్ అట్టడుగుకు జారితే తొందరపడి అతన్ని వదులుకోకండి. మిగతా ఖర్చులు మోస్తున్నది అతని ఆర్డర్లే కావచ్చు. ప్రస్తుతానికి అంకె రాసి ఉంచండి, చాలు.

*సమయానికి డెలివరీ.* ఏడాదిలో 480 ఆర్డర్లు ఉంటే ప్రతి పన్నెండోదీ తీయండి, 40 వస్తాయి. ఏవి తీయాలో సూపర్‌వైజర్‌ను ఎంచుకోనివ్వకండి, బాగా జరిగినవే చేతికొస్తాయి. గడువుగా మొదటి పర్చేజ్ ఆర్డర్ మీద ఉన్న తేదీనే తీసుకోండి. ఫోన్లో అడిగి పొడిగించుకున్న తేదీ పక్క కాలమ్‌లో ఉండాలి. విడతలుగా పంపితే చివరి విడత చలానా తేదీయే డెలివరీ తేదీ. ఇలా చూస్తే "మేమెప్పుడూ లేటు చేయం" అన్న చోట 40కి 29 సమయానికి వెళ్లాయని తేలవచ్చు.

*రిజెక్షన్.* రిజిస్టర్‌లో అర శాతం అని ఉంటే వెంటనే నమ్మకండి. కొన్న మెటీరియల్ బరువులోంచి పంపిన పార్టుల బరువు, స్టాకులో పెరిగిన బరువు తీసేసి, మిగిలినదాన్ని స్క్రాప్ అమ్మిన బిల్లులతో పోల్చండి. చిప్స్ (మెషీన్ కోసేటప్పుడు రాలే లోహపు ముక్కలు) ఎంత రావాలో డ్రాయింగ్‌ను బట్టి తెలుస్తుంది. అంతకన్నా ఎక్కువ స్క్రాప్ పోతుంటే పాడైన పీసులు రాయకుండానే స్క్రాప్‌లో కలిసిపోతున్నాయన్నమాట.

*మనుషుల రాకపోకలు.* ఏడాదిలో మానేసినవాళ్లను సగటు సిబ్బంది సంఖ్యతో భాగించండి. 35 మందిలో 14 మంది మానేస్తే 40 శాతం. ఇక్కడ ఆగకండి. ఆ 14 మందిలో మొదటి ఆరు నెలల్లోనే వెళ్లిపోయినవాళ్లెందరు? 11 మంది అయితే పాతవాళ్లు నిలబడుతున్నారు, లోపం కొత్తవాళ్లను తీసుకునే, నేర్పించే తీరులో ఉంది. జీతాలు పెంచితే అది తీరదు. కాంట్రాక్టు కార్మికులు మీ ఈసీఆర్‌లో కనబడరు, కాంట్రాక్టర్ దగ్గర అడిగి తీసుకోండి. వాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ నిజంగా కడుతున్నారో లేదో అప్పుడే చలానాలు చూడండి. కట్టకపోతే ఆ భారం చివరికి మీ మీద పడుతుంది.

హెచ్చరిక: ఏ అంకెనూ ఒకటి రెండు నెలలు చూసి తేల్చవద్దు. సంక్రాంతికి ఆంధ్రావాళ్లు ఊళ్లకు వెళ్తారు, హోలీకీ ఛఠ్‌కూ బిహార్ కార్మికులు వెళ్తారు. ఆ నెలల్లో డెలివరీ, హాజరు రెండూ పడిపోతాయి. పూర్తి ఏడాది తీయండి.

4. ఒక ఆర్డర్ వెంట నడవండి

పూర్తయిన ఆర్డర్ ఒకటి, నడుస్తున్నది ఒకటి ఎంచుకోండి. ఎంక్వైరీ వచ్చిన రోజు నుంచి డబ్బు బ్యాంకులో పడ్డ రోజు వరకూ పని చేయి మారిన ప్రతిసారీ తేదీ రాయండి. పని జరిగిన సమయం ఒక రంగులో, ఎదురుచూసిన సమయం ఇంకో రంగులో. కొటేషన్ సంతకం కోసం నాలుగు రోజులు, బయటికి హీట్ ట్రీట్‌మెంట్‌కు (పార్టులను వేడిచేసి గట్టిపరచడానికి) పంపడంలో ఆరు రోజులు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు లేదని బిల్లు ఆగిన తొమ్మిది రోజులు, ఇలాంటివన్నీ కళ్ల ముందుకొస్తాయి.

5. మనుషులతో మాట్లాడండి

35 మంది ఉన్నచోట 12 మంది చాలు: ఫ్లోర్ మీద, సూపర్‌వైజర్లలో, ఆఫీసులో, స్టోర్స్–డ్రైవర్లలో ముగ్గురేసి. ఒక్కొక్కరితో 20–25 నిమిషాలు. ఓనర్ క్యాబిన్‌లో కాదు, క్యాంటీన్‌లోనో మెషీన్ పక్కనో మాట్లాడండి. ఫోన్లో రికార్డు చేయకండి. ఆపరేటర్ హిందీ మాట్లాడేవాడైతే హిందీలోనే అడగండి. తెలుగు సూపర్‌వైజర్‌ను మధ్యలో పెట్టి అనువదింపజేస్తే మీరు వినేది సూపర్‌వైజర్ మాటే. దసరా, దీపావళి ముందు ఈ పని పెట్టుకోవద్దు, ఏ ప్రశ్న వేసినా జవాబు బోనస్ గురించే వస్తుంది.

"మన బలహీనతలేంటి?" అని అడగకండి. ఉద్యోగం చేసేవారికి అది భయపెట్టే ప్రశ్న. ఇవి అడగండి:

- నిన్న మీ పని ఎక్కడ ఆగింది, ఎంతసేపు?
- ఈ నెలలో రెండోసారి చేయాల్సి వచ్చిన పని ఏది?
- మీరు నాలుగు రోజులు రాకపోతే ఏది ఆగిపోతుంది?
- కస్టమర్ ఫోన్ చేస్తే ఎవరి పేరు అడుగుతారు?
- మీరు ఇంతకుముందు చేసిన చోట ఇక్కడికన్నా బాగున్నది ఏమిటి?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబులతో ఒక పట్టిక వేయండి. అడ్డంగా పనులు, నిలువుగా మనుషులు. రానివారికి 0, సాయంతో చేసేవారికి 1, ఒంటరిగా చేసేవారికి 2, ఇతరులకు నేర్పగలిగేవారికి 3. ఏ పనికి 2గానీ 3గానీ ఒక్కరికే ఉందో ఆ పని బలహీనత కిందికి వస్తుంది, ఆ మనిషి ఎంత గొప్ప పనివాడైనా సరే. చిన్న యూనిట్లలో ఆ ఒక్కరు చాలాసార్లు ఓనరే అవుతారు: రేటు వేయడం, పెద్ద కస్టమర్‌తో మాట్లాడటం ఆయనకే తెలుసు. "మా సారు పరిచయాలు" అని బలాల్లో రాసేముందు ఈ పట్టిక చూడండి.

6. కస్టమర్లకు ఫోన్ చేయండి

ఆరుగురు చాలు. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు ఈ ఏడాది ఆర్డర్లు తగ్గించినవాళ్లు, ఇద్దరు పూర్తిగా మానేసినవాళ్లు. తగ్గించినవారినీ మానేసినవారినీ అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఆ ఆర్డర్ ఇప్పుడు ఎవరికి ఇస్తున్నారు, అక్కడ ఏం బాగుంది?" వెంటనే సమర్థించుకోవడం మొదలుపెట్టకుండా రాసుకోండి. పెద్ద కంపెనీలు సప్లయర్లకు మార్కులు వేసి ఉంచుతాయి, అడిగితే చాలామంది ఇస్తారు. మీ దగ్గరున్న కాగితాలన్నిటిలోకీ విలువైనది అదే కావచ్చు.

7. ఇప్పుడు వాక్యాలు రాయండి

ప్రతి వాక్యంలో నాలుగు ఉండాలి: విషయం, అంకె, ఎవరితో పోలిస్తే, ఏ కాగితంలోంచి.

పనికిరానిది: "మా క్వాలిటీ బాగుంటుంది."
పనికొచ్చేది: "గత 12 నెలల్లో మొదటి ముగ్గురు కస్టమర్లు వెనక్కి పంపినవి వెయ్యికి 3 పీసులు. మన పెద్ద కస్టమర్ తన సప్లయర్లకు పెట్టిన పరిమితి వెయ్యికి 5. ఆధారం: కస్టమర్ సప్లయర్ రేటింగ్ షీట్."

పనికిరానిది: "పేమెంట్లు లేటు."
పనికొచ్చేది: "సగటు బాకీ 87 రోజులు, ఒప్పుకున్నది 45. 90 రోజులు దాటిన బాకీలో ఎక్కువ భాగం ఇద్దరు పార్టీలదే, ఇద్దరికీ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు లేకుండా బిల్లు వెళ్లింది. ఆధారం: బాకీల జాబితా, నాలుగో దశ నోట్స్."

ఎవరితో పోల్చాలన్న దగ్గర చాలామంది ఆగిపోతారు. పోటీ యూనిట్ ప్రైవేట్ లిమిటెడ్ అయితే, అది దాఖలు చేసిన ఆర్థిక పత్రాలను కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో 100 రూపాయల రుసుము కట్టి చూడవచ్చు. పార్ట్‌నర్‌షిప్, ప్రొప్రైటరీ సంస్థలవి అక్కడ దొరకవు. ఆరో దశలో కస్టమర్లు చెప్పినదే వాటికి ఆధారం. వేల కోట్ల లిస్టెడ్ కంపెనీతో పోల్చుకోకండి, ఆ అంకెలు మీకు దారి చూపవు. ఏమీ దొరకకపోతే కిందటేడాది మీ అంకెతోనే పోల్చండి, అది కూడా పోలికే.

బలం అని రాసిన ప్రతిదాన్నీ ఇంకో మూడు ప్రశ్నలు అడగాలి. దీనికోసం కస్టమర్ డబ్బు ఎక్కువిస్తాడా, కనీసం మనల్నే ఎంచుకుంటాడా? పక్కవాడు డబ్బు పెడితే ఎన్ని నెలల్లో తెచ్చుకోగలడు? ఒక మనిషి వెళ్లిపోతే ఇది మిగులుతుందా? ఐఎస్ఓ సర్టిఫికెట్ మొదటి ప్రశ్న దాటవచ్చు, రెండోదాని దగ్గర ఆగిపోతుంది. కాబట్టి అది ఉండాల్సిన అర్హత మాత్రమే, దాన్ని బలంగా లెక్కించకూడదు. "30 ఏళ్ల అనుభవం" కూడా అంతే. ఆ 30 ఏళ్లలో కూడబెట్టిన డ్రాయింగులు, ఫిక్స్చర్లు (పార్టును పట్టి ఉంచే బిగింపులు), సెట్టింగ్ షీట్లు ఫైలులో ఉంటే అవి బలం. ఒకరి తలలో మాత్రమే ఉంటే కాదు.

8. తూకం వేయండి

నలుగురైదుగురు కూర్చోండి. ప్రతి వాక్యానికీ, మొదటి దశలో రాసిన ప్రశ్న మీద దాని ప్రభావం ఎంతో 1 నుంచి 5 దాకా ఎవరికి వారు చీటీ మీద రాయాలి. మాట్లాడటం తర్వాతే. ఓనర్ చీటీ చివర్లో తెరవాలి, ముందే తెరిస్తే మిగతావాళ్లు మాట మార్చుకుంటారు. రెండు మార్కులకన్నా ఎక్కువ తేడా వచ్చిన వాక్యం మీదే చర్చించండి. సగటు తీసి 3.8, 4.1 అని వరుస పేర్చకండి. ఒకరు 1, ఇంకొకరు 5 వేశారంటే ఒకరికి తెలిసినది ఇంకొకరికి తెలియదని అర్థం. అదేమిటో కనుక్కోవడమే ఈ సమావేశం పని.

చివరికి ఐదు బలాలు, ఐదు బలహీనతలు మించి ఉంచకండి. బలాలు మూడే తేలితే మూడే రాయండి. రెండు పక్కలా సమానంగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

9. కారణం దాకా వెళ్లి పని అప్పగించండి

ప్రతి బలహీనతకూ "ఎందుకు" అని అడుగుతూ వెళ్లండి. జవాబుగా మనిషి పేరు వస్తే ఆగకండి, ఇంకో మెట్టు దిగండి. డెలివరీ ఎందుకు లేటు? హీట్ ట్రీట్‌మెంట్ నుంచి పార్టులు రాలేదు. ఎందుకు? వారానికి ఒకసారే పంపుతున్నారు. ఎందుకు? స్టోర్స్ వ్యక్తి బండి నిండాకే పంపుతున్నాడు. ఎందుకు? రవాణా ఖర్చు పెరిగితే అతన్నే అడుగుతారు, డెలివరీ లేటయితే అతన్ని ఎవరూ అడగరు. మార్చాల్సింది ఇక్కడ. ఒక్కో బలహీనతకు ఒక మనిషి, ఒక తేదీ, ఒక అంకె రాయండి: "వారానికి రెండు ట్రిప్పులు, 90 రోజుల్లో 40కి 29 నుంచి 35కి." బలాలకూ పని రాయాలి, వాడని బలం వల్ల ఏ లాభమూ ఉండదు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ పేరు చెరిపి పోటీ యూనిట్ పేరు పెట్టి చదవండి. అప్పుడూ సరిపోయే వాక్యాలుంటే వాటిని మళ్లీ రాయాలి. తర్వాత, ఇటీవల పోగొట్టుకున్న మూడు ఆర్డర్లు, గెలుచుకున్న మూడు ఆర్డర్లు తీసుకుని, ఎందుకు పోయాయో, ఎందుకు వచ్చాయో ఈ జాబితాతోనే చెప్పడానికి చూడండి. చెప్పలేకపోతే అసలైనది ఏదో రాయడం మిగిలిపోయింది. జాబితాలోంచి యాదృచ్ఛికంగా ఒక వాక్యం చూపించి ఆధారం అడిగితే పది నిమిషాల్లో కాగితం బల్ల మీదికి రావాలి. ఆరు నెలల తర్వాత అవే అంకెలు అదే పద్ధతిలో మళ్లీ తీయండి. మధ్యలో లెక్క తీరు మార్చితే పెరిగిందో తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

వేరే సంస్థలైతే

పది మంది కన్నా తక్కువ ఉంటే మూడు, నాలుగు, ఐదు, ఆరు దశలు చాలు, వారంలో అయిపోతుంది. మనుషుల్లో అందరితోనూ మాట్లాడండి.

బేగంబజార్‌లో హోల్‌సేల్ వ్యాపారమైతే రిజెక్షన్ బదులు కదలని సరుకు చూడండి: 180 రోజులుగా ఒక్క డబ్బా కూడా అమ్ముడుపోని వస్తువుల విలువ మొత్తం స్టాకులో ఎంత? దాన్ని కొన్న ధరకే లెక్కించండి, అమ్మే ధరకు కాదు.

మాదాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీ అయితే మూసేశాక మళ్లీ తెరుచుకున్న టికెట్లు, ఉద్యోగులు ఏ ప్రాజెక్టూ లేక, బిల్లింగ్ లేకుండా బెంచ్ మీద గడిపిన రోజులు తీయండి. రాజీనామా ఇచ్చి నోటీసులో ఉన్నవాళ్లు పనిచేస్తున్న ప్రాజెక్టులకు వచ్చే రాబడి మొత్తంలో ఎంతో కూడా చూడండి.

ఆసుపత్రికి, డాక్టర్ డిశ్చార్జి రాసిన గంట నుంచి పేషెంట్ గేటు దాటే గంట వరకూ పట్టిన సమయం, బీమా క్లెయిముల్లో మొదటిసారే ఆమోదం పొందినవి, ప్రశ్నలతో వెనక్కి వచ్చినవి. క్లెయిములు తిరిగొచ్చిన కారణాలను విభాగాల వారీగా విడదీస్తే, లోపం బిల్లింగ్ కౌంటర్లో ఉందా, కేస్‌షీట్ రాసే దగ్గర ఉందా అన్నది ఒక్క మధ్యాహ్నంలో తేలుతుంది.